రెండువందల పన్నెండు తర్వాత

మున్సిపాలిటీ భవనంలో కింద నీటి పన్ను కౌంటరు, పైన లైబ్రరీ. కిందికొచ్చిన జనంలో కొందరు పని అయ్యాక ఇంటికి పోకుండా మెట్లెక్కేవారు. పుస్తకాల కోసం కాదు. చేతిలో ఏదో కాగితం, మొహంలో ఏదో సందేహం. పైన కూర్చున్నావిడని అడిగితే పని తేలుతుందని ఒకరి నోటి నుంచి ఒకరికి పాకిపోయింది.

ఆవిడ పేరేమిటో ఎవరూ పట్టించుకోలేదు. లైబ్రరీ మేడమ్ అంటే చాలు. ఇరవై మూడేళ్లుగా అదే కుర్చీ. పేరులో ఒక అక్షరం తప్పు పడితే ఏ ఆఫీసుకి వెళ్లాలి, పింఛను దరఖాస్తుకి ఏయే నకళ్లు జతచేయాలి, రక్తపరీక్షకి ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదు, ఇంటి ఓనరు ఉన్నపళంగా ఖాళీ చేయమంటే ఎన్నాళ్లు గడువు అడగొచ్చు. తెలిసింది చెప్పేది. తెలియనిది పుస్తకం తీసి, వేలితో వరసలు వెతికి, చదివి వినిపించేది. వాళ్లు కాళ్లరిగేలా తిరిగి తెలుసుకోలేనిది పది నిమిషాల్లో తేల్చి పంపేది.

నెలనెలా పై ఆఫీసుకి పంపే కాగితంలో ఎన్ని పుస్తకాలు ఇచ్చారు, ఎంతమంది సంతకం పెట్టారు అన్న గడులున్నాయి. ఎంతమంది ఏమడిగారు అన్న గడి లేదు. మొదట్లో ఆమెకది గుచ్చుకునేది. తర్వాత అలవాటైపోయింది.

ఆమె భర్త బస్సు కండక్టరు. ఇంటికొచ్చి ఈ సంగతులు చెబితే నవ్వేవాడు. "నేనూ రోజుకి ఆరేడు వందల మందిని చూస్తాను. టికెట్టు కొట్టి ఊరుకుంటాను. ఆ ఊరు ఎందుకెళ్తున్నావు, అక్కడ దిగాక ఏం చేస్తావు అని అడగను. నువ్వు మాత్రం ఇంటిదాకా దింపి వస్తావు."

"దారి తెలీక అడిగినవాళ్లకి చెప్పొద్దా?"

"చెప్పు. తప్పు స్టాపులో దింపితే మాత్రం తిట్లు నీకే."

అది హాస్యానికన్న మాట. ఆమె కూడా నవ్వేసింది.

లైబ్రరీకి నాలుగు కొట్ల అవతల వాచీలు బాగుచేసే ఆయనొకడు ఉండేవాడు. యాభై దాటిన మనిషి. మెట్ల కింద అగ్గిపెట్టెంత కొట్టు, కంటికి తగిలించుకునే నల్లటి భూతద్దం, గాజు మూతల కింద ఆవగింజలంత మరలు. మధ్యాహ్నం భోజనం కాగానే పేపరు చదవడానికి లైబ్రరీకి వచ్చేవాడు. గోడ గడియారం ఆగిపోతే కుర్చీ వేసుకుని తనే దింపి, శుభ్రం చేసి, తిరిగి తగిలించేవాడు. ఆమె ఆయన్ని అన్నయ్యా అనేది. ఆయన ఆమెని అమ్మా అనేవాడు.

ఒకరోజు ఆయన పేపరు జోలికి పోకుండా నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. కళ్లజోడు మార్పించుకుందామని పెద్ద కంటి ఆసుపత్రికి వెళితే కంట్లో ఒత్తిడి ఉందన్నారట. చుక్కల మందు రాసిచ్చి, మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారట.

"ఇదేం మాటో చూడమ్మా. వాళ్లు గబగబా చెప్పేశారు. వెనకాల యాభై మంది నిలబడి ఉంటే మళ్లీ ఎలా అడుగుతాం?"

కాగితం మీద గ్లకోమా అని ఉంది. ఆమె లేచి ఆరోగ్యం బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసింది. అది ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నది. కొత్తది కావాలని ఆరుసార్లు రాసింది, ఆరుసార్లూ జవాబు లేదు. కళ్ల జబ్బుల దగ్గరికొచ్చి చదివింది. నీటికాసులు అన్నా ఇదే. కన్ను ఎర్రబడుతుంది, తీవ్రంగా నొప్పి పుడుతుంది, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, వాంతులవుతాయి. అలా జరిగితే గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పేజీ అక్కడితో అయిపోయింది. ఎదుటి పేజీలో కంటిపొర గురించి మొదలైంది.

"నొప్పి ఉందా అన్నయ్యా?"

"లేదమ్మా."

"ఎప్పుడన్నా ఎర్రబడిందా? వాంతులు?"

"అవేం లేవు. చూపు శుభ్రంగా ఉంది. ఆవగింజంత మర కూడా కనిపిస్తోంది. ఆ చుక్కలేసుకుంటేనే గంటసేపు మంట, మసక. పని చేసుకోనివ్వడం లేదు."

ఆమె పుస్తకం వైపు ఇంకోసారి చూసింది. "అయితే మరీ కంగారు పడాల్సింది కాదు. నొప్పీ ఎరుపూ వస్తే మాత్రం పరుగెత్తాలి, గుర్తుపెట్టుకో."

"మందో?"

ఇక్కడ ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం తర్వాత రోజుల్లో ఆమెకి చాలాసార్లు గుర్తొచ్చింది. "అంత ఇబ్బందిగా ఉంటే ఈ సీసా అయ్యాక చూద్దాంలే," అంది.

ఆయన మొహం విచ్చుకుంది. "కొండంత బరువు దించావమ్మా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని పేపరు దగ్గరికెళ్లాడు. ఆ సాయంత్రం ఆమె కూడా తేలిగ్గానే ఇంటికి నడిచింది. ఒక మనిషి భయం పోగొట్టానన్న తృప్తి. ఎంత దాచుకున్నా అందులో కాస్త గర్వం ఉంది.

సీసా అయిపోయింది. ఆయన ఇంకోటి కొనలేదు, ఆసుపత్రికీ మళ్లీ వెళ్లలేదు. మళ్లీ చూద్దామన్న మాట ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా మరిచిపోయింది.

రెండేళ్లు పోయాయి. ఆయన లోపలికొస్తూ తలుపు రెక్కకి భుజం కొట్టుకుంటే, "ఏంటన్నయ్యా, తలుపు ఇవాళే పెట్టామా?" అని ఆమె వేళాకోళం చేసింది. పక్కనున్న మనిషి పేపరు అందిస్తే చూడకుండా వెళ్లిపోయేవాడు. పొగరనుకున్నారు. మెట్లు దిగుతూ కాలితో తడుముకోవడం ఒకరిద్దరు చూశారు, వయసనుకున్నారు. కొట్లో మరలు గాజు మూత పక్కన పడి మాయమయ్యేవి. చివరికొకరోజు రోడ్డు దాటుతుంటే పక్క నుంచి వచ్చిన సైకిలు గుద్దింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ ఆ సైకిలు తనకి అసలు కనబడలేదని ఆయనే భార్యతో అన్నాడు. ఆవిడ ఆయన్ని ఆసుపత్రికి లాక్కుపోయింది.

వారం తర్వాత ఆవిడ లైబ్రరీ మెట్లెక్కింది. ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు. పేపర్లు చదువుకుంటున్న అరడజను మంది తలలెత్తారు.

"మీరేనా మేడమంటే?"

"నేనే వదినా, కూర్చోండి."

"వదినా గిదినా వద్దు. మా ఆయనకి చుక్కలు మానేయమని మీరు చెప్పారంట."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"రెండు పక్కలా చూపు పోయిందంట. గొట్టంలోంచి చూసినట్టు ముందున్నదొకటే కనబడుతుందంట. పోయింది ఇంక రాదన్నారు. ఉన్నదన్నా నిలబడాలంటే బతికినన్నాళ్లూ చుక్కలు వేయాల్సిందే అన్నారు. ఎవడయ్యా నిన్ను మానేయమన్నది అని డాక్టరు కేకలేస్తే ఈయన మీ పేరు బయటికి రానీయలేదు. బయటికొచ్చాక నేను పీకి పీకి అడిగితే చెప్పాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "మీరు డాక్టరా?"

"కాదు."

"మరి ఎందుకు చెప్పారు?"

ఆవిడ చీర కొంగు భుజం మీదికి లాక్కుని దిగిపోయింది. పేపర్ల వాళ్లు తలలు దించుకున్నారు.

గది ఖాళీ అయ్యాక ఆమె ఆ పుస్తకం తీసింది. తను చదివిన వరసలు అక్కడే ఉన్నాయి, ఒక్క మాట మారలేదు. అదే పేజీని మూడుసార్లు చదివింది. నాలుగోసారి కళ్లు కింద మూలకి పోయాయి. రెండువందల పన్నెండు. ఎదుటి పేజీ చూసింది. రెండువందల పదిహేను. రెండింటి మధ్యా వేలు పెట్టి తడిమితే కుట్టు దగ్గర సన్నటి అంచు తగిలింది. ఎవరో బ్లేడుతో, గీత గీసినంత తిన్నగా కోసుకుపోయారు.

పక్క పట్నం లైబ్రరీలో ఆమెతో పాటు ఉద్యోగంలో చేరిన స్నేహితురాలు ఉంది. ఫోను చేసి అదే పుస్తకం తీయించింది.

"రెండువందల పదమూడు చదవవే."

"ఏం, నీ దగ్గర లేదా?" అంటూనే స్నేహితురాలు చదివింది. "రెండో రకం ఎక్కువమందికి వచ్చేది. ఇందులో నొప్పి గానీ ఎరుపు గానీ ఉండవు. చూపు బాగానే ఉన్నట్టు తోస్తుంది. అందువల్ల రోగులు మందు మానేస్తుంటారు. అలా ఎంతమాత్రం... ఇంకా చదవనా?"

"చాలు," అంది ఆమె.

ఏటేటా పుస్తకాల తనిఖీ ఉంటుంది. ప్రతి పుస్తకం తెరిచి, పేజీలు సరిగ్గా ఉన్నాయని చూసి సంతకం పెట్టాలి. నాలుగు వేల పుస్తకాలు, ఒక్క మనిషి, పది రోజులు. వెన్ను చూసి టిక్కు పెట్టడమే తప్ప పేజీలు లెక్కపెట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట తనకి తను ఎన్నిసార్లు చెప్పుకున్నా, రిజిస్టరులో ఉన్న సంతకం మాత్రం తనదే.

మర్నాడు కొట్టుకి వెళ్లింది. ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు గానీ భూతద్దం పెట్టుకోలేదు. ఆమె గొంతు విని తల అటూ ఇటూ తిప్పి, మొహం దొరికాక ఆపాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. పుస్తకంలో ఒక కాగితం పోయిందనీ, అందులో ఏముందో, తను చూసుకోలేదనీ.

ఆయన అంతా విన్నాడు. "ఆ కాగితం లేదని అప్పుడే కనిపెడితే ఏం చేసేదానివమ్మా?"

"ఇంకో పుస్తకం చూసేదాన్ని. దొరక్కపోతే నాకు తెలియదని చెప్పేదాన్ని."

"తెలియదనుంటే బాగుండేదమ్మా," అన్నాడాయన. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకి కాస్త ఊపిరాడేది. "నువ్వు తెలియదనడం నేనెప్పుడూ వినలేదు. అందుకే కదా నీ దగ్గరికొచ్చింది."

ఆ రాత్రి భర్త తప్పు స్టాపు మాట ఎత్తుతాడేమోనని ఆమె భయపడింది. ఆయన ఎత్తలేదు. కంచం ముందు కూర్చోబెట్టి, తినకపోతే తనే తీసేశాడు.

ఆమె పై ఆఫీసుకి ఉత్తరం రాసింది. జరిగినదంతా, తన తప్పుతో సహా, ఒక్క ముక్క వదలకుండా రాసి, పాత ఆరోగ్య పుస్తకాలన్నీ మార్చమని, కాగితాలతో వచ్చే జనానికి ఏం చెప్పాలో, ఎవరి దగ్గరికి పంపాలో నేర్పించమని అడిగింది. ఇరవై మూడేళ్లలో మొదటిసారి పదిహేను రోజుల్లో జవాబొచ్చింది. ఒకే కవరులో రెండు కాగితాలు. మొదటిది, చిరిగిన పుస్తకాన్ని సకాలంలో జాబితా నుంచి ఎందుకు తొలగించలేదో సంజాయిషీ ఇవ్వమని. ఆయన కళ్ల గురించి అందులో ఒక్క అక్షరం లేదు. రెండోది గోడకి అతికించాల్సిన నోటీసు. ఆరోగ్యం, చట్టం, ప్రభుత్వ పథకాలకు సంబంధించి సిబ్బంది పాఠకులకు ఎటువంటి సమాచారమూ ఇవ్వరాదు.

ఆమె దాన్ని తన కుర్చీ వెనకాలే అతికించింది. అతికించేటప్పుడు ఆమెకి కాస్త హాయిగా కూడా అనిపించింది. ఇంక ఎవరడిగినా వేలు వెనక్కి చూపిస్తే సరిపోతుంది.

నెల తిరక్కుండా ఒక పడుచుపిల్ల చంకలో బిడ్డతో వచ్చింది. మందు సీసా, చీటీ బల్ల మీద పెట్టి, ఎంత పట్టాలో చెప్పమంది. ఆమె నోటీసు చూపించింది.

"నాకు చదువు రాదు మేడమ్. వస్తే మీ దాకా ఎందుకొస్తాను?"

ఆమె లేచి నిలబడి నోటీసు మొత్తం పైకి చదివి వినిపించింది. ఆ పిల్ల చివరిదాకా శ్రద్ధగా విని, "అయితే ఎంత పట్టమన్నారు?" అంది. అందులో అది లేదని ఆమె చెప్పాల్సి వచ్చింది. పిల్ల సీసా కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. కాస్త ఆగి ఆమె మెట్ల దాకా పరుగెత్తింది. కింద నీటి పన్ను లైను తప్ప ఎవరూ లేరు.

అలా ఏడాది గడిచింది. కాగితాలతో మెట్లెక్కేవాళ్లు తగ్గి, తగ్గి, ఆగిపోయారు. తనిఖీకొచ్చిన అధికారి నిశ్శబ్దంగా ఉన్న గదిని చూసి, నిర్వహణ సంతృప్తికరం అని రాసి వెళ్లాడు. వాచీల కొట్టులో ఇప్పుడు పట్టీలు, సెల్లులు మార్చడమే. అది కూడా భార్యే చేస్తోంది, ఆయన పక్కన కూర్చుని ఎలాగో చెబుతాడు. పేపరు చదవడానికి ఆయన మళ్లీ రాలేదు.

వచ్చింది ఆవిడ. వానాకాలంలో ఒక మధ్యాహ్నం, తడిసిన గొడుగు తలుపు దగ్గరే పెట్టి, బల్ల ముందు నిలబడింది.

"చుక్కలు మార్చారు. రెండు సీసాలిచ్చారు. ఏది ఎన్నిసార్లో ఈ చీటీలో ఉందంట. నాకు చదవడం రాదు, ఆయనకి ఇప్పుడు అక్షరాలు కనబడవు." చీటీ బల్ల మీద పెట్టింది గానీ ఆమె వైపు తోయలేదు. "మందుల కొట్టువాడు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి చెబుతున్నాడు. ఇంకెవర్ని అడగాలో తోచక వచ్చాను. మీ మీద నమ్మకంతో కాదు."

ఆమె చీటీ తీసుకుంది. రాత స్పష్టంగానే ఉంది, ఒక చూపులో అర్థమైంది. అయినా చెప్పలేదు. చీటీ మీదున్న ఆసుపత్రి నంబరుకి ఫోను చేసింది. మొదట ఎవరూ ఎత్తలేదు, తర్వాత ఎత్తి పెట్టేశారు. నాలుగోసారి చుక్కల మందు సంగతి తెలిసిన నర్సు దొరికింది. ఆమె ఫోను ఆవిడ చేతికిచ్చింది. "మీరే అడగండి. రెండుసార్లు చెప్పించుకోండి."

ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. ఎర్ర మూతది పొద్దున ఒక్కసారి, తెల్ల మూతది రెండు పూటలా, రెంటికీ మధ్య పది నిమిషాలు. ఫోను తిరిగిచ్చి, చీటీ మడుచుకుంది.

"మీకు తెలిసే ఉంటుంది కదా చూడగానే?"

"తెలిసింది."

"చెప్పి ఉంటే ఇంత సేపు పట్టేది కాదు."

"అవును," అంది ఆమె.

ఆవిడ వానలోనే గొడుగు విప్పుకుని దిగిపోయింది. ఆ తర్వాత మందు మార్చినప్పుడల్లా వస్తుంది. ఆమె ఫోను చేసిస్తుంది, ఆవిడ మాట్లాడుతుంది. కూర్చోమంటే కూర్చోదు. ఆయనెలా ఉన్నాడని ఆమె ఒక్కసారే అడిగింది. "ఉన్నాడు," అంది ఆవిడ.