‘అయింది’ అంటే నమ్మని మామగారు

ఫోటో స్టూడియో నడిపే ఒక కోడలి మామగారు లోకంలో దేన్నైనా నమ్మేవారు గానీ, ‘అయింది’ అన్న మాటను మాత్రం చచ్చినా నమ్మేవారు కాదు.

అత్తగారు "వంట అయింది" అని పిలిస్తే, మెతుకు పట్టి చూస్తేగాని కంచం ముందు కూర్చునేవారు కాదు. మంగలి "అయింది సార్" అంటే రెండు బుగ్గలూ తడిమి, "ఎడమవైపు ఇంకా ఉందోయ్" అనేవారు.

"మన పెళ్ళయిందని ఎలా నమ్మారో!" అని అత్తగారు మూతి తిప్పేవారు.

"అందుకేగా గోడకి ఫోటో తగిలించింది!"

స్టూడియోలో ఆయన పగంతా కంప్యూటరు మీదే. "ఫైలు డిస్కు మీద రాయకుండానే ‘అయింది’ అంటుందమ్మా ఇది! పసిపిల్ల ముద్ద బుగ్గన పెట్టుకుని మింగేశానన్నట్టు. ఈలోగా కరెంటు పోయిందా, బుగ్గలోది గోవిందా!"

"దాన్ని రైట్ కాషింగ్ అంటారు మామయ్యగారూ. పని జోరుగా సాగుతుంది."

"అబద్ధం ఎప్పుడూ జోరుగానే సాగుతుంది!" అంటూ ఆయన ఆ కాషింగ్‌ని ఆపేశారు. ఆ దెబ్బతో నత్తలు కూడా జాలిపడేంతగా కంప్యూటరు నెమ్మదించింది. కోడలు కొన్నాళ్ళు పళ్ళబిగువున ఓర్చుకుని, ఆయన టీకి వెళ్ళిన సమయం చూసి మళ్ళీ ఆన్ చేసేసింది. ఆయన తిరిగొచ్చి మామూలుగా పనిలో పడ్డారు. మామగారికి బురిడీ కొట్టానని ఆమెకు లోలోపల ఒకటే నవ్వు.

ఒకనాడు బడిపిల్లల నాటకం వీడియోను కెమెరా కార్డు నుంచి కాపీ చేసింది. కంప్యూటరు ‘అయింది’ అంది. వెంటనే కార్డు ఖాళీ చేసింది. అంతే, కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే, రాజుగారు సింహాసనం ఎక్కబోయి గాల్లోనే ఆగిపోయారు. తర్వాత నాటకమే లేదు! సాయంత్రం తల్లిదండ్రులంతా వస్తారు. కోడలు పరుగున మామగారి దగ్గరికి వెళ్ళింది.

"మామయ్యగారూ, కాషింగ్... నేనే ఆన్ చేశాను."

"చేసిన రోజే తెలుసు." ఆయన సంచీలోంచి ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టారు. "నాటకం మొత్తం ఇందులో ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి, కార్డులన్నీ నా పాత కంప్యూటర్లో కాపీ చేసి, చివరిదాకా చూసి మరీ పెడుతున్నాను."

"తెలిసీ ఎందుకు ఆపలేదండీ?"

"ఆపిన రోజుల్లో నువ్వు ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయేది. ఇప్పుడు దానితో ఆడుకుంటున్నావు. జోరు నువ్వుంచుకో తల్లీ, నిదానం నాకొదిలెయ్."

కోడలు డిస్కు అందుకుంది. "అత్తయ్యగారితో చెప్తానుండండి, మీరెంత..."

"అమ్మో, వద్దు! ఒళ్ళు తగ్గడానికి నడకకి పోతున్నాననుకుంటోంది. ఎంతకీ తగ్గడం లేదని, పాపం, బరువు చూసే మిషనే మార్పించింది!"