చెదలు పట్టని కుర్చీ

ఒక అబద్ధం ఆడి ఏళ్లు గడిచాయి. మా ఆయనకు కూడా చెప్పుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లు ముందుగదిలో కుర్చీని మెచ్చుకున్న ప్రతిసారీ మాట మారుస్తాను. నవ్వుతూ కాఫీ ఇస్తాను. ఇక మోయలేను. మీకు చెబుతున్నాను.

కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్ వదిలి, కొత్తగూడ దగ్గర ఒక పాత ఇల్లు కొన్నాం. చుట్టూ గాజు ఆఫీసులు లేవకముందు ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు. చదునైన కప్పు, పొడవాటి కిటికీలు, ఎక్కడా ఒక్క నగిషీ లేదు. అమ్మినావిడ రిటైరైన లెక్చరర్. ఆవిడ తమ్ముడు ఆర్కిటెక్టు. ఇల్లూ, టేకుతో పేముతో ఒక కుర్చీ ఆయనే గీసి చేయించాడట. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆవిడ హఫీజ్‌పేట్ ఫ్లాట్‌కి మారుతూ, అక్కడ పనులు పూర్తికాలేదని కుర్చీ మా దగ్గర వదిలారు. “జర పైలం బిడ్డా. అంత సర్దుకున్నంక తీస్కపోత,” అన్నారు. తలూపాను.

ఆ తర్వాత మొదలైంది పీడ. మా ఆయనకు అన్నీ ఆ కాలం నాటివే కావాలి, స్విచ్‌లతో సహా. కప్పు కారింది. బాగుచేయిస్తే ఇంకోచోట కారింది. మేస్త్రీ ఫోన్ ఎత్తడు, ఎత్తితే “రేపు పక్కా మేడం” అంటాడు. నాకు ఆఫీసు కాల్స్, వెనకాల డ్రిల్లింగ్. పాతకాలపుదని నమ్మి తెప్పించిన సోఫా కాళ్లు ఊగాయి, రుద్ది చూస్తే పాలిష్ కింద ప్లైవుడ్. విసిగిపోయాను. ఆ దుమ్ములో, ఆ గోలలో సరిగ్గా ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. సాయంత్రం అందులో వాలితే ప్రాణం లేచొచ్చేది.

ఒక శనివారం ఆవిడ ఫోన్ చేశారు, కుర్చీకి ట్రాలీ ఆటో పంపిస్తానని. ఆ ఉదయమే వంటింటి గోడ మళ్లీ పగలగొట్టారు. ఆ చిరాకే కారణమా? కాదు. చిరాకు మీదకి నెట్టేయకూడదు. ఇవ్వబుద్ధి కాలేదు, అంతే.

“చెదలు పట్టేసిందండి. పారేయాల్సి వచ్చింది,” అన్నాను.

“ఏంది బిడ్డా, టేకుకు గూడ పడతదా?”

“పట్టిందండి.”

“కుర్చీ చెయ్యన్న మిగిలిందా? మా తమ్ముడు చెయ్యి ఆనించి ఆనించి నున్నగైంది. గా ముక్క ఇస్తే సాలు.”

“లేదండి. మొత్తం కాల్చేశారు.”

కాల్చేశారని ఎందుకన్నాను? పారేశామన్నది చాలదా? ఆవిడ ఇంకేమీ అడగకూడదని. అడుగుతుంటే నాకు విసుగొస్తోందని. అవును, ఎవరిని మోసం చేస్తున్నానో ఆ మనిషి మీదే విసుక్కున్నాను. ఫోన్ పెట్టేసి, కుర్చీ ఉంచుకోమన్నారని మా ఆయనతో చెప్పాను. ఆవిడ మంచితనం గురించి ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.

మొన్న ధైర్యం చేసి హఫీజ్‌పేట్ వెళ్లాను. ఆవిడకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఎత్తైన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడానికే ఒక మనిషి పట్టుకోవాలి. ఆ టేకు కుర్చీ బాగా కిందికి ఉంటుంది. ఇప్పుడు తెచ్చిచ్చినా ఆవిడ కూర్చోలేరు. కూర్చోగలిగిన ఏళ్లన్నీ నేను కూర్చున్నాను. నిజం చెప్పలేదు. ఆవిడ టీ పెట్టించారు, ఇల్లు ఎట్లుందని అడిగారు. తాగి వచ్చేశాను.

చెదలు పట్టలేదు. ఎవరూ కాల్చలేదు. అబద్ధం చెప్పి ఉంచుకున్నాను. ఈ మాటలు నాలో నేను కూడా ఇలా వరసగా ఎన్నడూ అనుకోలేదు. క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్కసారి బయటికి అన్నాను, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.