మా బాపు ఆఖరి టబ్బు

గని మూతి దగ్గర నిలబడితే గాలి ఎప్పుడూ లోపలికే పోతుంటుంది. గోదావరిఖనిలో మే నెల మధ్యాహ్నం వేపాకు కూడా కదలనప్పుడు సైతం, భూమిలోకి ఏటవాలుగా దిగే ఆ దారి నోట్లోకి గాలి దూసుకుపోతూనే ఉంటుంది. చొక్కాను వీపుకు అదిమి, పద పద అని తోస్తుంది. కొలువులో చేరిన మొదటి రోజు ఆ తోపుకి బిత్తరపోయి వెనక్కి తిరిగి చూశాను. వెనకాల ఎవరూ లేరు.

తర్వాత ఆ గాలి సంగతి చూసుకోవడమే నా ఉద్యోగమైంది. మైనింగ్ డిప్లొమా చదివానని నన్ను వెంటిలేషన్ సెక్షన్‌లో వేశారు. అదే గనిలో మా నాన్న ఫిల్లర్. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. లోపల పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పెద్ద పారతో తట్టలోకి ఎత్తి, తట్టను టబ్బులో గుమ్మరించడం బాపు పని. టబ్బంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్టి. నా మీసం మొలవక ముందు నుంచీ బాపు టబ్బులు నింపుతూనే ఉన్నాడు. కాబట్టి గని గురించి నేను ఏం చెప్పినా ఆయన చెవికి ఎక్కేది కాదు.

గనికి రెండు దారులుంటాయి. ఒకదాని నుంచి మంచి గాలి దిగుతుంది. రెండో దాని పైన ఇంటంత ఫ్యాను ఒకటి పగలూ రాత్రీ తిరుగుతూ లోపలి గాలిని బయటికి లాగేస్తుంటుంది. లాగేసిన కొద్దీ లోపల పీడనం కాస్త తగ్గుతుంది. అంతే, మిగతాదంతా బయటి గాలి బరువే చూసుకుంటుంది. మన నెత్తి మీద ఆకాశమంత ఎత్తున పేరుకుని ఉన్న గాలి, ఎక్కడ కొంచెం సందు దొరికితే అక్కడికి పరిగెడుతుంది. ఈ ముక్కే ఒక రోజు అన్నం తింటూ బాపుకి చెప్పాను.

"ఫ్యాన్ బంద్ వెడితె గాలి బంద్. ఇండ్ల గింత సదువుడేమున్నది?" అన్నాడు.

"గాలిని ఫ్యాన్ తెస్తలేదు బాపు. పీడనం తక్కువున్న దిక్కుకు గాలే పోతది."

"ఆఁ, గాలికి కాళ్లున్నయి. అన్నం తిను."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది కానీ తల వంచి అన్నం కలుపుకున్నాను. బాపుతో వాదనకు దిగితే తెల్లారేదాకా తెగదు.

నిజానికి ఆ సంగతి తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరించేది. డిప్లొమా క్లాసులో గని గాలి పాఠం చదువుతున్నప్పుడు, బళ్లో చదివిన భూగోళం పాఠం ఒక్కసారిగా గుర్తొచ్చి పుస్తకం మూసేసి కూర్చున్నాను. రెండూ ఒకటే. భూమధ్యరేఖ దగ్గర ఎండకు కాగిన గాలి తేలికై పైకి లేస్తుంది. కింద పీడనం తగ్గుతుంది. ఆ వెలితి పూడ్చడానికి ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ గాలి బయలుదేరుతుంది. పైకి లేచినది ఎంతో దూరం పోయి, చల్లబడి, ఎడారుల మీద దిగి, మళ్లీ నేల వెంట తిరుగుముఖం పడుతుంది. భూమి తిరుగుతుంటుంది కనుక తిన్నగా కూడా రాలేదు. భూమధ్యరేఖకు పైనున్న మన సగంలో కుడివైపుకి ఒరిగిపోతుంది. ఎండాకాలం మన నేల పెనంలా కాగితే సముద్రం మీది గాలి ఇటు మళ్లుతుంది, మృగశిరకు వాన పడుతుంది. ఇంత పెద్ద భూమికి సూర్యుడే ఫ్యాను. మా గనిలో తలుపు సందులోంచి ఈల వేసే గాలీ, ఓడలను నడిపిన గాలీ ఒకే మాట వింటాయి. ఎక్కడ బరువు తక్కువో అక్కడికి పోవడం, అంతకు మించి వాటికి ఏమీ తెలియదు. ఆ వేళ నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బాపు రిటైరయ్యే నెల వచ్చింది. రాష్ట్రం ఇంకా రాలేదు, చౌరస్తాలో టెంటు కింద రిలే దీక్షలు నడుస్తున్నాయి. కానీ మా ఇంట్లో ఆఖరి టబ్బు ముచ్చట తప్ప ఇంకో మాట లేదు. మా గనిలో ఫిల్లర్లకు ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరయ్యే మనిషి చివరి షిఫ్టులో చివరి టబ్బును తానొక్కడే నింపుతాడు. దాని మీద సుద్దతో తన హాజరు బిళ్ల నంబరు రాస్తాడు. అది తాడు లాగుతుంటే పైకి వస్తుంది. పైన ఆయన భార్య పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొడుతుంది. ఆ తర్వాతే పూలదండ, డప్పులు, ఇంటిదాకా ఊరేగింపు. దండ లేకున్నా ఎవరూ ఏమీ అనుకోరు కానీ టబ్బు రాకపోతే ఆ కొలువు ముగిసినట్టే కాదు. ఇన్నేళ్లూ గనిలోకి తొంగి చూడలేని అవ్వకు, బాపు చేసిన పని కళ్లారా కనబడేది ఆ ఒక్క టబ్బులోనే. పట్టుచీర ఇస్త్రీ చేయించుకుని పెట్టుకుంది. బాపు సుద్దముక్కను వారం ముందే జేబులో వేసుకుని తిరిగాడు.

ఆఖరి రోజు పొద్దున నేను అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్లి, అలవాటుగా గోడకున్న, గాలి పీడనం చూపే బారోమీటర్ చూశాను. సూది కిందికి జారి ఉంది. వేలితో తట్టాను. ఇంకాస్త జారింది. బయట ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది, మబ్బు తునక లేదు. ముందురోజు టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెప్పిన మాట గుర్తొచ్చింది. అది ఎక్కడో కోస్తాకు అవతల, నీళ్ల మీద ఉంది. దాని చెయ్యి మా గోడ మీది సూదిదాకా చాచి ఉంది. అంత భయంలోనూ నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను.

భయం ఎందుకంటే, గనిలో బాపు పనిచేసే భాగం, మేం డిస్ట్రిక్టు అంటాం, దాని పక్కనే పాత ఖాళీలున్నాయి. బొగ్గు తీసేసిన చోట మిగిలిన పొడి తనంతట తానే వేడెక్కుతుంది కాబట్టి వాటిని ఇటుక గోడలతో మూసేస్తారు. గోడల వెనక చెడ్డ గాలి పోగవుతుంది. బయటి గాలి బరువుగా ఉన్నన్నాళ్లూ అది అక్కడే అణిగి ఉంటుంది. బయట పీడనం పడిపోయిందంటే పగుళ్లు వెతుక్కుని మనుషులున్న వైపు వస్తుంది. దానికి రంగు లేదు, కొన్నిసార్లు వాసనా లేదు. నేను సూది సంగతి చెప్పగానే మేనేజరు ఇంకో మాట లేకుండా ఆ డిస్ట్రిక్టులో పని ఆపించాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, వాయుగుండం అంటే ఏమిటో పుట్టుకతో ఎరిగినవాడు.

"ఈ రోజు మీ నాన్నగారిదని తెలుసు," అన్నాడు నా వైపు చూడకుండా. "వేరే చోట వేద్దామంటే అక్కడ యంత్రాలే, చేత్తో నింపే పని లేదు. గోడలకు మట్టి మెత్తే వాళ్లతో పంపించు."

బాపుకి ఆ మాట నేనే చెప్పాలి. చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"మొగులు లేదు, వాన లేదు. ఏ గాలిరా నీ గాలి?"

"సముద్రం మీద గాలి తేలికైంది బాపు."

"నేను సముద్రమే సూడలే. అది నా టబ్బు ఆపుతదా?"

ఆపిందన్నది నిజమే. బాపు సుద్దముక్కను జేబులోంచి తీసి ఒకసారి చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుని, ముందు నడిచాడు.

ముందుగా గ్యాసు పరీక్ష చేసి, పరదాలు కట్టి మంచి గాలిని గోడ వైపు మళ్లించాకే మమ్మల్ని రానిచ్చారు. పైనుంచి మెత్తటి మట్టి ఒక టబ్బులో దిగింది. గోడ మీద ఒక మూల సన్నని పగులు ఉంది. బాపు క్యాప్‌లైటు వెలుగులో దాని ముందు కూర్చుని, మట్టి మెత్తబోయి ఆగాడు. వెనక్కి తీసిన చెయ్యి మళ్లీ దగ్గరికి పెట్టాడు.

"వెచ్చగ ఉన్నది," అన్నాడు. "ఊదుతున్నది."

నేనూ పెట్టి చూశాను. పగులులోంచి సన్నగా, ఆగకుండా, పసిబిడ్డ శ్వాసంత గాలి వస్తోంది. దాన్ని తోసేది గోడ వెనక ఏ ఫ్యానూ కాదు. ఎక్కడో సముద్రం మీద గాలి పైకి లేస్తోంది, చుట్టుపక్కల గాలంతా దాని చుట్టూ సుడి తిరుగుతూ అటు పోతోంది, మా నెత్తి మీది బరువు ఆ కాస్త తగ్గింది, ఇక్కడ భూమి లోపల చీకట్లో ఒక ఇటుక గోడ ఊపిరి వదులుతోంది. ఆ మాటే బాపుతో అన్నాను. ఈసారి ఆయన వెటకారం చేయలేదు. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు.

"గంత దూరంది గిక్కడ తెలుస్తదా," అన్నాడు చివరికి. "గాలికి సరిహద్దు లేదుర బిడ్డా."

తర్వాత మట్టి మెత్తాడు. జీవితమంతా బొగ్గు ఎత్తిన చేతులతో ఆ పగులును ఎంత మెత్తగా పూడ్చాడో చూడాలి. గోడకి నొప్పి పుడుతుందన్నట్టు పూశాడు.

షిఫ్టు అయిపోవచ్చింది. బాపుతో పనిచేసే వాళ్లు ఉపాయం చెప్పారు. "కాకా, ఫికర్ జెయ్యకు. వేరే దిక్కుకెల్లి నిండు టబ్బు వస్తది, దాని మీద నీ నంబర్ రాయి. చిన్నమ్మకు ఏం తెలుస్తది?"

"నేను నింపని దాని మీద నా నంబర్ రాయ," అన్నాడు బాపు. మట్టి దిగిన టబ్బు ఖాళీగా ఉంది. దాని దగ్గరికి పోయి, సుద్ద తీసి, ఇనుము మీద గట్టిగా తన నంబరు రాశాడు.

మేం నడిచి పైకి వచ్చాం. లోపలికి పోయే గాలి వచ్చేవాడికి ఎదురుగాలి. బాపు తల వంచి దాన్ని తోసుకుంటూ నడిచాడు, రోజూ నడిచినట్టే. మూతి దగ్గర ఆగి నాతో నెమ్మదిగా అన్నాడు. "పొద్దుగాల నిద్ర మొకంతోటి వస్తె ఈ గాలే నన్ను లోపలికి తోసుడు. రేపటికెల్లి ఎవలు తోస్తరు బిడ్డా?"

బయట అవ్వ నిలబడి ఉంది. పట్టుచీర కొంగు గని వైపుకే ఎగురుతోంది, ఒక చేత్తో పట్టుకుంటోంది. డప్పులవాళ్లు మొదలుపెట్టబోయి, తాడు మీద పైకొచ్చిన ఖాళీ టబ్బును చూసి ఆగిపోయారు. అవ్వ దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూసింది. నంబరు చదవడం రాకపోయినా ఆ నంబరు ఆమెకు తెలుసు.

"ఇన్నేండ్లు జేసి ఖాళీ టబ్బు తెచ్చినవా?" అంది. ఆ మాటలో కోపం లేదు.

"ఖాళీ ఏడున్నది?" అన్నాడు బాపు. "నిండ గాలున్నది. సముద్రం దిక్కు పొయ్యేటిది, నీకు సూపిద్దామని ఆపిన."

అవ్వ ఆయన మొహం చూసింది. తర్వాత టబ్బులో చెయ్యి పెట్టి, వేళ్లు కదిపి, కాసేపు అలాగే ఉంచింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, టబ్బు అంచు మీద కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు లోపల చిందాయి. ఆ నీళ్లు తప్ప అందులో ఏమీ లేదని నేను ఈ రోజుకీ అనలేను.