తుప్పు లారీ, రంగు లారీ

నేను ఎవర్నీ తొందరగా నమ్మను. బోర్లవాళ్ల మాట విని రెండుసార్లు బోరు వేయించి దుమ్మే చూసినవాణ్ణి, ఇంకెవర్ని నమ్మమంటారు? ఆ ఎండాకాలం ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. కంబదూరు దగ్గర మా నాయన నాటిన చీనీ, అదే బత్తాయి తోటలో ఆకులు ముడుచుకుంటున్నాయి. వానలదాకా చెట్లు బతకాలంటే నీళ్లు తోలాలి. అద్దె ట్యాంకర్లవాళ్లు ఫోనే ఎత్తలేదు. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మే పాత లారీ ఒకటి కొని, దానిమీద ట్యాంకు బిగించుకుందామనుకున్నాను.

మా ఊరి మెకానిక్కును వెంటబెట్టుకుని బెంగుళూరు దగ్గరి యార్డుకు పోయాను. సాయిబుల ఇంటి మనిషి. చిన్నప్పటి నుంచీ నేను మామా అనే పిలుస్తాను. అక్కడ బండ్లను చూడనిస్తారు గానీ స్టార్టు చేయనివ్వరు. వేలం తర్వాత ఆన్‌లైన్లో జరుగుతుంది. ఒక లారీ కొత్త పచ్చరంగుతో పెళ్లికొడుకులా నిలబడి ఉంది. మామ దాని కిందికి దూరి, బోల్టులు తడిమి, బయటికొచ్చి పెదవి విరిచాడు. మూలన తుప్పు పట్టిన బండికీ అలాగే బోల్టులు తడిమాడు.

"ఇది తీసుకో అల్లుడా."

"ఈ తుప్పు డబ్బానా? ఏముండాది మామా దీంట్లో?"

"నా మాట ఇను. బోల్టులు చూసినా."

నేను నీళ్లు తాగొచ్చేసరికి మామ ఒక లారీ వెనక యాడికి అనే ఊరి నుంచి వచ్చిన పాత ఇనుము వ్యాపారితో గుసగుసలాడుతున్నాడు. ఆ మనిషి నావైపు చూసి తలూపాడు. ఓహో, మంచి బండి వాడికి, తుప్పు నాకు! నా చెవిలోనే పూలు పెడతాడా?

"ఏం మాట్లాడినావు మామా?"

"ఏం లేదులే. నువ్వు తుప్పుదానికి పాడు, సాలు."

తిరుగు బస్సులో నా భుజంమీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ నిద్ర కూడా నటనే అనిపించింది.

వేలం రోజు మామకు చెప్పకుండా కళ్యాణదుర్గం నెట్ సెంటర్లో కూర్చుని రంగు లారీకి పాడాను. ఎవడో పోటీకి వచ్చాడు. యాడికివాడే అనుకుని, పంతం పట్టి దక్కించుకున్నాను. గెలిచానని నవ్వుకున్నాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

లారీని కట్టి లాక్కొచ్చాక మామ ఇంజను విప్పాడు. లోపల సగం సామాన్లే లేవు.

"అన్నీ యెప్పుడో ఊడబెరుక్కున్నారప్పా. బోల్టుల అంచులన్నీ పానా పట్టి అరిగిపోయిండాయి. మీద రంగు కొట్టినారు. ఆ తుప్పుదాన్ని ఎవడూ ఇప్పలే."

నాయన లారీని చూశాడు, తోటను చూశాడు, లోపలికి పోయాడు. ఆ వారంలోనే కిందివరస చెట్లు ఎండిపోయాయి.

ఒక పొద్దున తోట దగ్గర హారన్ మోగింది. అదే తుప్పు లారీ, వెనక నీళ్ల ట్యాంకు. స్టీరింగు ముందు యాడికి వ్యాపారి, పక్కన మామ.

"ఏమప్పా, మనిషివేనా నువ్వు?" వ్యాపారి దిగుతూనే తగులుకున్నాడు. "అల్లుని తోట ఎండిపోతాండాది, ఈ బండి వదిలేయ్ అని మీ మామ నా గడ్డం పట్టుకుని బతిమాలినాడు. నాకు ఏ ఇనుమైనా ఒకటే, సరేలే అని రంగుదానికి పాడితే, నువ్వు నాకే పోటీకొస్తివి! ఇది ఎవరికీ వద్దంటే నేనే తీసుకున్యా. రిపేరు చేసినందుకు ఈయప్ప కూలి కూడా తీసుకోలే. ముందు అల్లుని తోటకు నీళ్లు తోలమన్నాడు."

తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

"ఆ పొద్దే నాకు ఎందుకు చెప్పలేదు మామా?"

మామ పైపు విప్పుతూనే అన్నాడు. "నువ్వు యాడన్నా నోరు జారితే ఇంకోడు పోటీకొస్తాడని. చెప్పకపోయినా నా మాట నమ్ముతావులే అనుకుంటి."

పైపు కొస నా చేతిలో పెట్టి, ఇంకా పచ్చగా ఉన్న చెట్టువైపు చూపించాడు.