కంప్యూటరుకు దిష్టి తీసిన రోజు

మీ ఇంట్లో కూతురు పెద్ద ఉద్యోగంలో ఉంటే, ఎండుమిరపకాయల డబ్బా ఇప్పుడే అటకెక్కించండి. నేను ఎక్కించలేదు. గుప్పెడు మిరపకాయలతో బెంగళూరు కంపెనీనంతా గడగడలాడించాను. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ కూతురే. పళ్లు కొరక్కుండా రాయవే సుజాతా!

దాని పనేమిటో నాకు చాలా ఏళ్లు అంతుపట్టలేదు. చిన్న గుమాస్తాగా చేరి మెట్టుమెట్టూ ఎక్కింది. కంపెనీల్లో పాత పద్ధతులు తీసి కొత్తవి పెట్టించడమట. "గదేం పనే?" అంటే, "నడుస్తున్న ఎడ్లబండిని ఆపకుండనే ట్రాక్టర్ చేసుడమ్మా" అంది. మా ఆయన బతికుంటే, ఎద్దులను అడిగావా అనేవాడు.

ఆ యేడు రాయచూరు పక్కన కల్లూరులో మా ఇంటి నుంచే పని చేస్తోంది. డైరెక్టరు పదవి గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఫ్యాక్టరీ చూసుకునే రామిరెడ్డి సారు కొత్త పద్ధతికి ఒప్పుకోడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా, ఆయనకు కొత్తే రోత. ఆ రోజు మీటింగులో ఆయన సరేనంటే పిల్లకు పదవి. లేదంటే ఇంకెవరికో.

పొద్దున్నుంచీ పిల్ల మొహం వాడిన తోటకూర కాడ. తలుపు సందులోంచి చూశాను. కంప్యూటరు నిండా గళ్లు, గడికొక మొహం, ఒక్కటీ నవ్వదు. అన్ని కళ్లు ఒక్క పిల్ల మీద పడితే దిష్టి తగలదా? మీరే చెప్పండి.

ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి లోపలికి దూరాను. పిల్ల చుట్టూ తిప్పాను.

"అమ్మా, పో! అందరు చూస్తున్నరు!"

"చూస్తున్నరనే గదనే తీస్తున్న!"

అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? దిష్టి పెట్టే కళ్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయని దాని చుట్టూ కూడా తిప్పి, ఆచారం ప్రకారం తూ తూ తూ అని ఉమ్మాను. మనసు నిండా ఉమ్మాను. సూటిగా నడిమి గడిలోని, కంపెనీకంతా పెద్దయిన పెద్దసారు మొహం మీదే. ఆయన వెనక్కి జరిగి జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. రాయచూరు ఉమ్మి బెంగళూరు దాకా అందుతుందా ఎక్కడైనా?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే రచ్చ చేశాను.

"అయిపోయిందమ్మా, నా నౌకరి అయిపోయింది," అని సుజాత కళ్లు మూసుకుంది.

అప్పుడు మూల గడిలోంచి రామిరెడ్డి సారు గొంతు. "అక్కా, మీదే ఊరు?"

"రాయచూరు పక్కన కల్లూరు. నీదేడ తమ్మీ?"

"గద్వాల. మా అమ్మ గిట్లనే ఉమ్ముతుండె. ఆమె పోయినంక నాకు తీసేటోళ్లే లేరు."

అది తిట్టు కాదు, దీవెన అని పెద్దసారుకు ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత, "నాక్కూడా తియ్యక్కా" అన్నాడు.

"తీస్త. గాని మా పిల్ల పనికి నువ్వెందుకు అడ్డం పడుతున్నవ్?"

"అడ్డం పడుతలే అక్కా, భయపడుతున్న. కొత్తది చెడిపోతే అందరు నన్నే అంటరు."

"దిష్టి తీసినంక చెడిపోతదా? బుగులు వద్దు."

మూల గడి చుట్టూ ఇంకోసారి తిప్పాను. ఆయన నవ్వాడు. "సుజాతమ్మా, రేపే మొదలుపెట్టు" అన్నాడు.

మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదు. దిష్టి ఎంతుందో చూసుకోండి!

పిల్ల డైరెక్టరు అయింది. ఆ రోజే నేను పొయ్యి ముందు నిలబడి ఒట్టేశాను, ఇక ఈ జన్మలో పిలవని మీటింగులోకి దూరను అని. తప్పలేదు కూడా. ఇప్పుడు ఏ కొత్త పని మొదలైనా పెద్దసారే పిలిపిస్తాడు. ఉమ్మే ముందు మాత్రం ఆయన గడిని కాస్త పక్కకు జరిపిస్తాను.