చేపలబ్బాయి పక్కన చీమలమ్మాయి

టైపు పిన్ని చేసేది విద్యాసేవ అని ఒక ప్రొఫెసరు ఆమె ముందుగదిలో కూర్చునే అన్నాడు. "సేవా లేదు, గీవా లేదు. ముందు ఆ మోచెయ్యి తియ్యండి, కాగితం నలిగిపోతోంది" అంది పిన్ని.

పరిశోధన చేసేవాళ్ల థీసిస్‌లు టైపు చేసిపెట్టడం ఆమె వృత్తి. మొదట టైపు మిషను మీద చేసింది, తర్వాత కంప్యూటర్ మీదికి మారింది. కిటికీ పక్కన బల్ల, బల్ల పక్కన వచ్చినవాళ్లకో కుర్చీ. ఆ కుర్చీ కాలొకటి కాస్త పొట్టి. ఎవరూ తిష్ట వేయకూడదనే దాన్ని బాగు చేయించలేదు.

వచ్చేవాళ్ల పేర్లు ఆమెకు గుర్తుండవు. చేపల మీద రాసేవాడు చేపలబ్బాయి. పొలాల మట్టి మీద రాసినావిడ మట్టి మేడం. పాత కోర్టు తీర్పుల మీద ఏళ్ల తరబడి రాస్తూ, అప్పుడప్పుడూ ఒక పేజీ మాత్రం తెచ్చే పెద్దమనిషి తీర్పు మాస్టారు. చీమల బారుల మీద రాస్తున్న పిల్ల చీమలమ్మాయి. వాళ్లంతా ఆమెను పిన్ని అన్నారు కాబట్టి ఆమె భర్త అందరికీ బాబాయ్ అయిపోయాడు.

బాబాయ్ ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన చెయ్యి తగిలిన ప్రతి వస్తువుకీ చీటీ ఉంటుంది. స్విచ్చుల మీద చీటీలు. స్క్రూల డబ్బా మీద 'స్క్రూలు, పొట్టివి'. చీటీల డబ్బా మీద 'చీటీలు'. వంటింటి గుమ్మం దగ్గర మాత్రం ఆ ఉద్యమం ఆగిపోయింది. "ఉప్పు డబ్బా మీద ఎవరైనా ఉప్పు అని రాసుకుంటారటండీ? అదెక్కడుందో నా చేతికి తెలుసు" అని పిన్ని ఆయన్ని అక్కడినుంచే వెనక్కి పంపింది.

కంప్యూటర్‌నీ ఆమె వంటిల్లులాగే నడిపింది. పనంతా డెస్క్‌టాప్ మీదే, ఎదురుగా. ప్రతి ఫోల్డర్ పేరూ 'న్యూ ఫోల్డర్'. పక్కన అంకె వేసేది మెషినే, ఆమె కాదు. పై ఎడమ మూలన తొందర ఉన్నవాళ్లు. కుడి అంచున గైడుతో తగాదా పడ్డవాళ్లు. కింది వరసలో పని పూర్తయినవాళ్లు. చెత్తబుట్ట బొమ్మ పక్కన చదువు మధ్యలో వదిలేసినవాళ్లు. వాళ్లను బుట్టలో మాత్రం వేయదు. "వస్తారు మళ్లీ. పిల్లలు బడికెళ్లడం మొదలెట్టాక వస్తారు" అంటుంది. అలా వచ్చినవాళ్లు ఉన్నారు కూడా.

చివరికి సి డ్రైవ్ నిండిపోయింది. అక్షరం కొడితే కంప్యూటర్ కాసేపు ఆలోచించుకుని వేసేది. డి డ్రైవ్ మాత్రం కొన్ననాటినుంచీ ఖాళీగా పడి ఉంది.

"ఒక గది నిండింది, ఒక గది ఖాళీ. సరుకు మార్చాలి, అంతేగా" అన్నాడు బాబాయ్.

"మార్చుకోండి. నా సామాను కదిపితే మాత్రం ఊరుకోను."

"కదపకుండా ఎలా మారుస్తానే?"

"అది మీ తిప్పలు" అని పిన్ని పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

బాబాయ్ పద్ధతి తప్పే మనిషి కాడు. ముందు మొత్తం ఒక బయటి డిస్కులోకి కాపీ తీశాడు. డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి తెరిచాడు. తర్వాత డెస్క్‌టాప్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఇకనుంచి నీ చిరునామా ఇది అని కొత్త చోటు చూపించాడు. పాత ఫైళ్లన్నీ కూడా తీసుకెళ్లనా అని మెషిన్ అడిగితే సరేనన్నాడు. ఒక్క ఫైలు పోలేదు, ఒక్క తప్పు జరగలేదు. తప్పు చేసి ఉంటే అన్ని చీవాట్లు పడేవి కావేమో.

పిన్ని బుగ్గ పట్టుకుని తిరిగొచ్చి తెర ముందు కూర్చుంది. న్యూ ఫోల్డర్లన్నీ ఎడమవైపు నుంచి బళ్లో పిల్లల్లా బారులు తీరి ఉన్నాయి.

"ఏవండీ, ఏమిటిది?"

"బావుంది కదూ? వరసగా."

"నా చేపలబ్బాయి ఏడీ?"

"ఉన్నాడే. ఒక్కడూ పోలేదు."

"ఉన్నాడా అని కాదు, ఎక్కడున్నాడని అడుగుతున్నా!"

సరిగ్గా అప్పుడే చీమలమ్మాయి కాగితాలు ఊపుకుంటూ వచ్చింది. "పిన్నీ, గైడు ఒప్పుకున్నారు! ఈ నాలుగు దిద్దుబాట్లు చేసి ప్రింటు తీస్తే చాలు. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. ఇవాళ ఇవ్వకపోతే మళ్లీ ఆర్నెల్లు ఆగాలి."

ఆ పిల్ల దగ్గరున్నది పాత ప్రతి. అసలుది ఆ బారుల్లో ఎక్కడో ఉంది. ఫోల్డర్ల మీది తేదీలు చూద్దామంటే అన్నిటి మీదా ఈరోజే ఉంది. లోపలి ఫైళ్ల పేర్లు 'ఫైనల్', లేదా 'ఫైనల్ ఫైనల్'. ఫైళ్లన్నిటినీ ఒకచోటికి తెచ్చి తేదీల వరసలో చూడొచ్చు కదా అని మీరనొచ్చు. అనేవాళ్లు ఆ గదిలో లేరు.

పిన్ని మౌసు పట్టుకుని అక్కడొకటి, ఇక్కడొకటి తెరిచింది. మూడోసారి కూడా తీర్పు మాస్టారే ఎదురయ్యాడు. చీమలమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు తల్లీ, కీబోర్డు తడుస్తుంది" అని పిన్ని మౌసు వదిలేసి భర్త వంక చూసింది. "సరే. అంటించండి మీ చీటీలు."

బాబాయ్ ఆ మాట కోసం పెళ్లయినప్పటినుంచీ ఎదురుచూస్తున్నాడు. ఇంకో కుర్చీ లాక్కుని మొదటి ఫోల్డర్ నుంచి వరసగా తెరవసాగాడు. పిన్ని ఒక వాక్యం చదివి మనిషిని చెప్పేది, ఆయన అది ఫోల్డర్ పేరుగా కొట్టేవాడు.

"భార్యకు మూడు పేజీల కృతజ్ఞతలు... విడాకులాయన."

"అలాగే రాయనా?"

"రాయండి, విడాకులైన సంగతి ఆయనే చెప్పాడుగా. తర్వాతది... మట్టి మేడం. ఇదిగో, చేపలబ్బాయి! హమ్మయ్య. ఈయన తీర్పు మాస్టారు."

"ఒక్క పేజీయే ఉందేమే?"

"వాయిదా పడింది."

చీమలమ్మాయి పొట్టికాలు కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ నవ్వింది. రెండో బారు చివర్లో తెరిచిన పేజీ చూసి పిన్ని కంటే ముందు ఆ పిల్లే కేక పెట్టింది, "నాదే! నా చీమలే!"

బాబాయ్ దానికీ శ్రద్ధగా పేరు కొట్టాడు: 'చీమలమ్మాయి, తొందర'. ఆ తర్వాతే లేచాడు. పిన్ని వేళ్లు పరిగెత్తాయి, ప్రింటరు గొణిగింది. పిల్ల వేడివేడి కాగితాలు గుండెకు హత్తుకుని, గొడుగు మరిచిపోయి పరిగెత్తింది.

పిన్ని ఫోల్డర్లను ఒక్కొక్కటే పాత చోట్లకు జరుపుతూ కూర్చుంది. చీటీలు మాత్రం తీసేయలేదు. చీమలమ్మాయిని పై మూలన చేపలబ్బాయి పక్కన పెడుతుంటే బాబాయ్ అడిగాడు, "పనైపోయిందిగా, కింది వరసలోకి కదా వెళ్లాలి?"

ఆయనకు ఆ వరసలు ఎప్పుడు తెలిశాయో పిన్ని అడగలేదు. "ఆఫీసువాళ్లు తీసుకున్నారని కబురు రానీండి" అంది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"తీసుకున్నారు పిన్నీ! బాబాయ్‌గారికి కూడా చెప్పండి!"

"సంతోషం తల్లీ. రేపొచ్చి నీ గొడుగు తీసుకెళ్లు" అని పిన్ని ఫోన్ పెట్టేసి, మౌసు భర్త వైపు జరిపింది.

"కిందికి మీరే దించండి. పక్కవాణ్ని కదపకండి మరి."