బోణీ అయ్యాకే కొత్త వెర్షన్

మా ఆయన గోపీనాథ్ నోట్లో నాలుక లేని మనిషి. అలాంటి మనిషికి పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఫోన్లో మాట్లాడే ఉద్యోగం ఎలా దొరికిందో ఆ కనకదుర్గమ్మకే తెలియాలి. పటమటలో ఒక మేడ మీద చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. బట్టల షాపులకి బిల్లులు కొట్టే ప్రోగ్రామ్ తయారుచేస్తారు. కుర్రాళ్ళు కోడ్ రాస్తారు. ఆ రాసినవన్నీ ఒకచోట కలిపి, సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించి, దానికో నంబరిచ్చి, షాపులన్నిటికీ పంపే పని ఈయనది. దాన్నే రిలీజ్ అంటారట. సినిమాకైతే రిలీజ్ పండగేమో గానీ, మా ఇంటికి మాత్రం జ్వరమే.

రాత్రిళ్ళు పంపేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని నేనూ అడిగాను. కుదరదట. వన్‌టౌన్ షాపుల వాళ్ళు షట్టర్ దించేటప్పుడు కరెంటు మెయిన్ ఆపేసి మరీ వెళ్తారు. కంప్యూటర్లు లేచేది షాపు తెరిచాకే. అందుకని పొద్దున్నే ఒక్కో షాపుకీ ఫోన్. "నమస్కారమండీ, గోపీనాథ్‌ని. బోణీ అయిందాండీ?" అయిందంటే కొత్తది ఎక్కిస్తారు. కాలేదంటే "కానివ్వండి" అని పెట్టేసి, కాసేపాగి మళ్ళీ చేస్తారు. ఈలోగా ఇడ్లీలు చల్లారిపోతాయి, నా నోరు లేస్తుంది.

పైగా ఆ ఓనరు దుర్గాశంకర్ గారొకరు. ఏ షాపాయన ఏం అడిగినా "రేపటికల్లా అయిపోద్దండీ" అనేస్తారు. ఆయనకేం, అనేసి ఏసీలో కూర్చుంటారు. ఆ రేపు వచ్చి మా ఇంట్లో కూర్చుంటుంది. ఒకప్పుడు నెలకో రిలీజ్ ఉండేది. తర్వాత వారానికోటి. ఆఖరికి దాదాపు రోజూ అయింది. ఈయన కళ్ళ కింద నలుపు చూసి మా అమ్మ "అల్లుడికి సరిగ్గా వండి పెడుతున్నావా లేదా" అని నన్నే అంది. ఏం చెప్పను!

ఎండాకాలంలో ఒక పొద్దున, చెవి దగ్గర ఫోన్ ఉండగానే వాష్ బేసిన్ దగ్గర పడిపోయారు. నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆ ఫోన్లోంచి ఎవరో "హలో, హలో, బోణీ అయిందండీ" అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు గారు బీపీ చూసి మొహమాటం లేకుండా చెప్పేశారు. నిద్రా తిండీ వేళకి లేవు, ఈ హడావిడి మానకపోతే మళ్ళీ పడతారు, ఇంకోసారి పడితే లేవడం కష్టం అన్నారు. ఆ మాట ఈయన విన్నారో లేదో గానీ, నాకైతే ఆ రోజునుంచీ కంటికి కునుకు లేదు. సెలవు పెట్టమంటే "నా పని ఇంకెవరికీ రాదు రాజేశ్వరీ" అంటారు. మానేయమంటే ఈ వయసులో ఎవరిస్తారంటారు.

చివరికి ఆయనే ఒక దారి చూశారు. మొత్తం దానంతటదే జరిగిపోయే ఏర్పాటు. పైప్‌లైన్ అంటారట. కుర్రాళ్ళు రాసింది కలపగానే అదే పరీక్షలు పెట్టుకుంటుంది. తేడా వస్తే అక్కడే ఆపేసి, రాసినవాడికే చెబుతుంది. పాసైతే నంబరు కూడా అదే వేస్తుంది. చిన్న రిపేరైతే చివరి అంకె మారుతుంది, కొత్త సదుపాయమేదైనా ఉంటే మధ్య అంకె. ఆ తర్వాత అదే షాపులకి పంపేస్తుంది. తను చేతుల్తో చేసే పనులన్నీ ఒక్కోటీ గుర్తు చేసుకుని అందులో పెట్టారు. చాన్నాళ్ళకి ఆ మొహంలో కాస్త కళ వచ్చింది. "ఇంక పొద్దున్నే నీతో కూర్చుని టిఫిన్ తింటా" అన్నారు. ఆ మాటకే పొంగిపోయి నేను పెసరట్టుకి పప్పు నానబోశాను.

ఇల్లు అలకగానే పండగవుతుందా? పెసరట్టు పెనం మీద ఉండగానే ఫోన్ మోగింది. చౌడయ్య గారు. వన్‌టౌన్‌లో పాతకాలపు బట్టల షాపు ఆయనది. ఈ కంపెనీకి మొట్టమొదటి కస్టమరు. ఆయన పెట్టుకున్నారనే మిగతా షాపుల వాళ్ళూ పెట్టుకున్నారు. "ఏవండీ గోపీనాథ్ గారూ, నా బోణీ చెడగొట్టారే!" అన్న కేక స్టవ్ దగ్గరున్న నాక్కూడా వినపడింది.

సంగతేమిటంటే, షాపు తెరవగానే పెళ్ళివారొచ్చారట. చీరలు ఎంచుకున్నారు, డబ్బు బయటికి తీశారు. బిల్లు కొట్టబోతే తెర మీద "కొత్త వెర్షన్ వస్తోంది, దయచేసి ఆగండి" అని చక్రం తిరగడం మొదలుపెట్టింది. కాసేపే. అయితేనేం, పెళ్ళికూతురి నాయనమ్మ లేచి నిలబడింది. "శుభమా అని పెళ్ళిబట్టలు కొంటుంటే ఆగమంటుందేవిటే? పదండి" అంది. అందరూ లేచి వెళ్ళిపోయారు. బోణీ బేరం గుమ్మం దిగి వెళ్ళిపోతే ఇంక ఆ రోజు షాపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

ఈయన ఫోన్ పెట్టేసి నావైపు చూశారు. "అన్నీ పెట్టాను రాజేశ్వరీ. బోణీ పెట్టలేదు" అన్నారు. ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ అది ఉత్త పలకరింపైపోయిందట. పనుల్లో ఒకటిగా గుర్తే రాలేదట.

నేనూరుకుంటానా! "పెడన నేతపనివాళ్ళ పిల్లని చేసుకుని బోణీ మర్చిపోతారా? మా నాన్న చీరల మూట విప్పితే, బోణీ అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు!" అని అరిచాను. అరిచాక ఆయన మొహం చూసి నాకే ఏడుపొచ్చింది. పెసరట్టు మాడిపోయింది.

సాయంత్రానికల్లా దుర్గాశంకర్ గారి తీర్పు వచ్చింది. "ఈ ఆటోమేటిక్ వద్దండీ, పాత పద్ధతిలో ఫోన్లే చేసుకుందాం." చేసుకుందామట! చేసేది ఆయనా? చౌడయ్య గారైతే గోపీనాథ్ గారు స్వయంగా ఫోన్ చేస్తేనే కొత్తది ఎక్కించనిస్తా, లేదంటే మీ ప్రోగ్రామే వద్దు పొమ్మన్నారట. మళ్ళీ అదే గానుగ. పడిపోయేదాకా తిరగడమే.

ఈయన తల వంచుకుని కూర్చుని దానికీ మందు కనిపెట్టారు. కొత్త వెర్షన్ షాపుకి వెళ్ళినా చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఆ రోజు మొదటి బిల్లు కాగితం బయటికొచ్చాకే లోపలికి దిగుతుంది. బోణీ అయిందా అని ఎవర్నీ అడగక్కర్లేదు, బిల్లు కొట్టేదానికి తెలియదూ! కానీ చౌడయ్య గారు ససేమిరా అన్నారు. ఆయన ఒప్పుకోందే దుర్గాశంకర్ గారు ఒప్పుకోరు. వెళ్ళి ఒప్పించే నోరు ఈయనకి లేదు.

నాకుందిగా. "రేపు ఆ ఒక్క షాపుకీ మీ పైప్‌లైన్‌తోనే పంపండి. ఎవరేమన్నా నేను చెబుతా. మీరు ఫోన్ ఆపేసి పడుకోండి" అని చెప్పి, మర్నాడు సిటీ బస్సెక్కాను. బెంజి సర్కిల్ దగ్గర బస్సు కదిలితేగా! నిలబడే తిట్టుకున్నాను, ఆ బస్సునీ, దుర్గాశంకర్ గార్నీ, రిలీజుల్నీ. నేను వెళ్ళేసరికి చౌడయ్య గారు దేవుడి పటం ముందు అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"రామ్మా, కూర్చో. ఏం చూపించమంటావు?"

"నేను గోపీనాథ్ గారి భార్యనండీ."

ఆయన మొహం ముడుచుకుంది. "ఆయన ఫోన్ చేస్తేనే అన్నాను కదమ్మా."

"చేయరండీ" అన్నాను. పోట్లాడదామని వచ్చినదాన్ని, బతిమాలడం మొదలుపెట్టాను. "ఫోన్లో బోణీ అయిందా అని అడుగుతూనే పడిపోయారండీ, ఎండాకాలంలో. ఇంకోసారి పడితే లేవరన్నారు డాక్టరు గారు. మీ బోణీ కోసం నా మనిషిని పోగొట్టుకోమంటారా?"

ఆయన చేతిలో అగరొత్తి అలాగే ఉంది. "ఆ రోజు లైన్లో ఉన్నది నేనేనమ్మా" అన్నారు. "హలో హలో అని అరిచి, పలక్కపోయేసరికి కట్టయిందనుకున్నా." అగరొత్తి పటం ముందు గుచ్చి మళ్ళీ అన్నారు. "షాపు తెరిచాక నన్ను మొదట పలకరించేది ఆయనేనమ్మా. ఆ గొంతు వింటే ఆ రోజు బేరాలు బావుంటాయని నాకో నమ్మకం. అంతేగానీ..."

"ఓ తువ్వాలివ్వండి" అన్నాను. బేరమాడకుండా కొన్నది నా జన్మలో అదొక్కటే. ఆయన డబ్బు తీసుకుని కళ్ళకద్దుకున్నారు. బిల్లు కొట్టారు. కాగితం చింపి నా చేతిలో పెట్టారు. అప్పుడు తిరిగింది చక్రం. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆగింది. కొత్త నంబరు కనపడింది, చివరి అంకె మారింది.

"సరేనమ్మా, ఉండనీ" అన్నారు చౌడయ్య గారు. "దుర్గాశంకర్‌కి నేను చెబుతాలే."

ఇంటికొచ్చేసరికి ఈయన మంచం మీదున్నారు. ఆపేసిన ఫోన్‌ని గుండెల మీద పెట్టుకుని పట్టుకునే ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. తువ్వాలు దిండు పక్కన పెట్టబోతే, కళ్ళు తెరవకుండానే, ఎప్పుడూ ఫోన్లో అడిగే గొంతుతోనే అడిగారు.

"బోణీ అయిందాండీ?"

"అయిందండీ" అన్నాను. "నేనే చేశాను. పడుకోండి."